ఇన్నేళ్లుగా ఏం సదువుతున్నవ్ బిడ్డా?

పాఠకుల ప్రశ్నలకు హనుమకొండలో రసాయన శాస్త్రం చెప్పి రిటైరైన అధ్యాపకురాలి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే సంగతి మీద ఉన్నాయి. పీహెచ్‌డీ చేసేవాళ్లు తమ పనిని ఇంట్లోవాళ్లకు, ఊళ్లోవాళ్లకు ఎలా చెప్పాలన్నది ఆ సంగతి. నా మనసుకు దగ్గరైన విషయం కాబట్టి మిగతా ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి, ఈసారి వీటికే జవాబిస్తున్నాను.

ప్రశ్న: నేను జువాలజీలో పీహెచ్‌డీ నాలుగో సంవత్సరం. పురుగును చంపే విషాన్ని తనలోనే తయారుచేసుకునేలా జన్యువు మార్చిన బీటీ పత్తిని గులాబీ రంగు పురుగు ఎలా తట్టుకుంటోందన్నది నా అంశం. ఈమధ్య మూడు నిమిషాల్లో థీసిస్ చెప్పే పోటీలో మాట్లాడితే పక్క డిపార్ట్‌మెంట్ వాళ్లకు కూడా అర్థం కాలేదు. మాది పరకాల దగ్గర పల్లె. నాన్న పత్తి రైతు. ఆయనకూ చెప్పలేకపోతున్నాను. వచ్చే నెల మళ్లీ మాట్లాడాలి, చాలా టెన్షన్‌గా ఉంది. తేలిక చేసి చెప్పడంలో ఎంతవరకు వెళ్లొచ్చు? నా ప్రసంగం జతచేస్తున్నాను.
– ఒక పరిశోధకురాలు, హనుమకొండ

బిడ్డా, నీ ప్రసంగం మూడుసార్లు చదివాను. క్రై1ఏసీ, క్రై2ఏబీ ప్రోటీన్లు, క్షేత్రస్థాయి నిరోధకత, జన్యు ఉత్పరివర్తనం అన్నీ ఉన్నాయి, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పత్తి కాయ మాత్రం ఎక్కడా కనిపించలేదు.

ఈ మూడు నిమిషాల పోటీని ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో మొదలుపెట్టింది. ఒకే ఒక్క స్లైడు, మూడే నిమిషాలు. 80,000 మాటల థీసిస్‌ను చదివి వినిపించాలంటే తొమ్మిది గంటలు పడుతుందని వాళ్ల లెక్క. చాలామంది ఆ తొమ్మిది గంటలను కుదించాలని చూస్తారు. నువ్వూ అదే చేశావు. సగం సగం మాటలతో అన్ని అధ్యాయాలూ చెప్పావు. ఒక్క ప్రశ్న పట్టుకుంటే మూడు నిమిషాలు బాగానే సరిపోతాయి.

ఆ ప్రశ్న మీ నాన్న దగ్గరే ఉంది. పురుగు పట్టి విచ్చుకోని గుడ్డి పూలు ఎలా ఉంటాయో, పైకి నున్నగా ఉన్న కాయను పగలగొడితే లోపల పురుగు గింజను ఎలా తిని ఉంటుందో చేతులతో చూసిన మనిషాయన. ఆ సంగతి నువ్వు ఆయనకు చెప్పేదేమీ లేదు. బీటీ విత్తనం 450 గ్రాముల ప్యాకెట్ కొంటే దానితోపాటు 120 గ్రాముల చిన్న ప్యాకెట్ వచ్చేది, గుర్తుందా అని అడుగు. అందులో నాన్ బీటీ విత్తనం ఉండేది, చేను చుట్టూ వేయమనేవాళ్లు. మా చుట్టాల ఇళ్లలో ఆ చిన్న ప్యాకెట్లు అటక మీద దుమ్ముపట్టి ఉండటం నేను చూశాను. పురుగు తినే పంటను కావాలని ఎవరు వేసుకుంటారని మా మేనమామ కొడుకు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెబితే నీ థీసిస్‌లో సగం చెప్పినట్టే.

బీటీ విషానికి చావని పురుగులు లక్షల్లో ఏ కొన్నో పుట్టుకతోనే ఉంటాయి. చేనంతా బీటీ అయితే మిగతావన్నీ చచ్చి, మిగిలిన ఆ కొన్ని వాటిలో అవే జతకడతాయి. వాటి పిల్లలూ చావవు. అంచున కొన్ని సాళ్లు మామూలు పత్తి ఉంటే, అక్కడ బతికిన మామూలు రెక్కల పురుగులు వీటితో జతకడతాయి. పుట్టే పిల్లల్లో చాలావరకు మళ్లీ బీటీకి లొంగుతాయి. శనగపచ్చ పురుగైతే కంది మీదో శనగ మీదో కూడా బతుకుతుంది. గులాబీ రంగు పురుగు దాదాపు పత్తినే నమ్ముకుంది కాబట్టి దానికి ఆ అంచు సాళ్లు తప్ప బీటీ లేని చోటు దొరకదు. మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది, రెండు విష జన్యువులున్న విత్తనం 2006లో వచ్చింది. ఆ రెండో రకాన్ని కూడా ఈ పురుగు ఎందుకు దాటేసిందో ఈ దారిలో వెళ్తే మీ నాన్నే చెప్పగలడు. తర్వాత బీటీ, నాన్ బీటీ విత్తనాలను ఒకే ప్యాకెట్లో కలిపి ఇచ్చే పద్ధతి ఎందుకు వచ్చిందో కూడా ఆయనకు వెంటనే తడుతుంది.

ఒక్క మాట మాత్రం తీసెయ్. ప్రసంగం చివర, తేలిగ్గా ఉంటుందని కాబోలు, ‘పురుగు బీటీకి అలవాటు పడింది’ అన్నావు. మన ఊళ్లలో అందరూ అనే మాటే. కానీ కల్లు అలవాటైనట్టు ఏ ఒక్క పురుగుకూ బీటీ అలవాటు కాలేదు. చచ్చేవి చచ్చాయి, చావనివి పెరిగాయి. ఈ రెండింటికీ చేలో చాలా తేడా ఉంది. అలవాటు పడిందని వింటే రైతు మందు మార్చి కొడదామనుకుంటాడు. చావనివే మిగిలి పెరిగాయని వింటే ఆ చిన్న ప్యాకెట్ గురించి అడుగుతాడు. తేలిక చేయడంలో ఎంతవరకు వెళ్లొచ్చని నువ్వు అడిగావు కదా, నా హద్దు ఇదే: విన్న మనిషి ఆ మాటను నమ్మి ఒక పని చేస్తే అది తప్పు పని కాకూడదు.

ఇంట్లో చెప్పలేకపోతున్నానని బాధపడ్డావు. ఆ బాధ నాకు తెలుసు. 1980ల్లో నేను పరిశోధన చేసేటప్పుడు మా బాపు వరంగల్ కొత్తవాడలో జంపఖానాల నూలుకు రంగులద్దేవాడు. ఒకరోజు పొయ్యి మీద కాగులో నూలు చిలపలు కర్రతో తిప్పుతూ ‘ఇన్నేళ్లుగా ఏం సదువుతున్నవ్ బిడ్డా?’ అన్నాడు. పర్మాంగనేట్‌తో జరిగే ఆక్సీకరణ చర్యల గతిశాస్త్రం అన్నాను. ఆయన తలూపి చిలపలు తిప్పుకుంటూ ఉండిపోయాడు. ఆ మౌనం నన్ను చాలాకాలం కుదుటపడనివ్వలేదు. ఊరికే తలూపే మనిషి కాదాయన.

కొన్నాళ్లకు ల్యాబ్ నుంచి చిన్న గాజు గొట్టంలో పర్మాంగనేట్ ద్రావణం తెచ్చాను. బావుల్లో వేసేవాళ్లే, ఆ ఊదా రంగు. బాపు ముందే అందులో ఆక్సాలిక్ ఆమ్లం, రెండు చుక్కల పలుచటి సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి పట్టుకున్నాను. మొదట ఏమీ కదల్లేదు. చాలాసేపటికి కొద్దిగా పలచబడింది. ఆ తర్వాత ఒక్కసారిగా వేగం పుంజుకుని నీళ్లలా తేటగా అయిపోయింది. ‘నువ్వు రంగు ఎక్కేది చూస్తవు, నేను రంగు పోయేది చూస్త. ఎంత సేపట్ల పోతది, వేడి జేస్తే ఏమైతది, ఎందుకు ముందు మెల్లగ పోయి తర్వాత ఉరుకుతది, గదే నా సదువు’ అన్నాను. బాపు గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూసి, ‘నేను ఉప్పేస్తే రంగు జల్ది ఎక్కుతది. నీ దాంట్ల ఉప్పు పని ఎవరు జేస్తున్నరు?’ అన్నాడు.

అది నా మూడో అధ్యాయం. చర్యలో పుట్టే మాంగనీసే ఆ చర్యను తొందర పెడుతుంది, అందుకే తర్వాత వేగం వస్తుంది. నూలు దగ్గర ఉప్పు రంగును మార్చదు, పోగులోకి నెడుతుంది. నా గొట్టంలో రంగు పదార్థమే వేరే పదార్థంగా మారిపోతుంది. ఆ తేడా కూడా చెప్పాను. ‘అంటే నీ రంగు మళ్ల రాదన్నట్టు’ అన్నాడు. అంతకంటే సరిగ్గా నా గైడ్ కూడా ఎప్పుడూ అడగలేదు.

మీ నాన్న దగ్గరికి కాయ పట్టుకుని వెళ్లు.

ప్రశ్న: మా తమ్ముడు తెలుగులో పరిశోధన చేస్తున్నాడు, పటం కథల మీద. సైన్స్ వాళ్లదైతే అర్థం కాకపోయినా గౌరవిస్తారు. వీడిని మాత్రం ‘మాకు తెలిసిన కథలే కదా, దీనికి డాక్టరేటా’ అంటున్నారు. ఏం చెప్పాలి?
– ఒక పాఠకుడు, జనగామ

మీ తమ్ముడి కష్టం పై అమ్మాయి కష్టానికి తలకిందులుగా ఉంది. ఆమె వస్తువు కొత్తది కాబట్టి జనం భయపడతారు. అతని వస్తువు అందరికీ తెలిసిందే కాబట్టి అందులో ఇంకా తెలియనిది ఉందని నమ్మరు. సాహిత్యం, చరిత్ర, సమాజ శాస్త్రాల వాళ్లందరికీ ఇదే ఇబ్బంది. కథ చెప్పడంతో మొదలుపెడితే ఓడిపోతారు. కథలో కంటికి కనిపిస్తూ ఎవరూ అడగనిదాన్ని ముందు పెట్టాలి.

చేర్యాల నకాశీ పటం తీసుకోండి. బట్టకు సుద్ద మట్టి, చింతగింజల గంజి పట్టించి ఆరబెట్టి, ఎర్రటి నేల మీద వరుసగా బొమ్మలు వేస్తారు. కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేటప్పుడు పటాన్ని పైనుంచి కొంచెం కొంచెం విప్పుతూ బొమ్మ చూపించి పాడతారు. చిన్నప్పుడు మా వాడలో రాత్రిళ్లు కూర్చుని చూశాను. ఇప్పుడు ఆ పొడవాటి పటం కథకుడి చేతిలో అరుదుగా కనిపిస్తుంది, గోడకు తగిలించే ఒక్క బొమ్మగా అంగట్లో దొరుకుతోంది. అన్ని బొమ్మల్లోంచి ఏ బొమ్మ మిగిలింది? ఎవరు ఎంచారు, వేసేవాళ్లా, కొనేవాళ్లా? పాడేవాళ్లు లేకపోతే ఆ బొమ్మకు అర్థం ఏమవుతుంది? ఈ ప్రశ్న వేశాక ‘తెలిసిన కథే కదా’ అన్నవాళ్లను జవాబు చెప్పమనండి. పది ఊళ్లు తిరిగి, పాత పటాలు కొలిచి, పాడే ముసలివాళ్ల పక్కన కూర్చుంటే తప్ప జవాబు దొరకదని వాళ్లే ఒప్పుకుంటారు.

ఎలా తెలుసుకున్నాడో కూడా మీ తమ్ముడు చెప్పాలి. సైన్స్ వాళ్లు ప్రయోగం చూపిస్తారు, వీళ్లు చాలాసార్లు తేలిన మాట ఒక్కటే చెప్పి ఊరుకుంటారు. ఎన్ని రాత్రులు రికార్డు చేశాడు, ఒకే ఘట్టాన్ని ఇద్దరు వేరుగా పాడితే ఏం చేశాడు, ఇవే వినేవాళ్లను కట్టిపడేస్తాయి. మన ఓరుగల్లు ప్రాంతంలోని దేవునూరులో పుట్టిన బిరుదురాజు రామరాజుగారు ఉస్మానియాలో జానపద గేయాల మీద పీహెచ్‌డీ చేశారు. ఆడవాళ్లు పనిచేస్తూ పాడుకునే పాట కూడా పరిశోధనకు తగినదేనని అలా నిలబెట్టినవాళ్లలో ఆయన ముందువరుసలో ఉన్నారు. మీ తమ్ముడు తల దించుకోవాల్సిన పని లేదు.

ప్రశ్న: మా అమ్మాయి గణితంలో పీహెచ్‌డీ చేస్తోంది, గ్రాఫ్ థియరీ అట. ఏం చేస్తున్నావమ్మా అంటే ‘నీకు చెప్పినా అర్థం కాదు నాన్నా’ అంటుంది. నిజంగానే అర్థం కాదా?
– ఒక తండ్రి, కరీంనగర్

అవుతుంది. ఒక పెట్టె గీసి, లోపల మూల నుంచి మూలకు ఇంటూ గుర్తు పెట్టండి. ఇప్పుడు అదే బొమ్మను చేయి ఎత్తకుండా, గీసిన గీత మళ్లీ గీయకుండా వేయండి. కుదరదు. పెట్టె మీద ఇంటి కప్పులా రెండు గీతలు కలపండి. కింది మూల నుంచి మొదలుపెడితే కుదురుతుంది! ఎందుకంటే, బేసి సంఖ్యలో గీతలు కలిసే చుక్కలు రెండు ఉండాలి, లేదా అసలు ఉండకూడదు. మొదటి బొమ్మలో అలాంటివి నాలుగు, రెండోదాంట్లో రెండే. ముగ్గు వేసే అమ్మలకు ఇది చేతికి తెలుసు. అలాంటి బొమ్మ ఎంత పెద్దదైనా, గీసి చూడకుండానే కుదురుతుందో లేదో చెప్పే దారిని గణిత శాస్త్రవేత్త ఆయిలర్ 1736లో చూపాడు. కోనిగ్స్‌బర్గ్ ఊళ్లోని ఏడు వంతెనలను ఒక్కొక్కసారే దాటి రాగలమా అన్న ప్రశ్నతో అది మొదలైంది, గ్రాఫ్ థియరీ, అంటే చుక్కలూ వాటిని కలిపే గీతల లెక్క, అక్కడే పుట్టిందంటారు.

ఈ బొమ్మ మీ అమ్మాయి ముందు పెట్టి, ‘నీ బొమ్మలో ఏది కుదరడం లేదు?’ అని అడగండి. ఏం చేస్తున్నావు అనే ప్రశ్నకు వాళ్లకు జవాబు దొరకదు. ఎక్కడ ఆగిపోయావు అంటే గంటసేపు చెబుతారు.

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయంలో నలుగురు పరిశోధకులను పిలిచి, పిల్లలకు, రైతులకు మాట్లాడించాలనుకుంటున్నాం. ఎలా జరపాలి?
– ఒక ఉపాధ్యాయుడు, జమ్మికుంట

నాలుగు వేర్వేరు శాఖల వాళ్లను పిలవండి, పరిశోధకులు ఒకరి మాట ఒకరు వినడం కూడా అవసరమే. ప్రొజెక్టర్ పెట్టకండి. ప్రతి ఒక్కరినీ ఒక వస్తువు తెమ్మనండి, కాయో, పటమో, రాయో, కాగితమో. పది నిమిషాలు వాళ్లు మాట్లాడాక ఇరవై నిమిషాలు ఊరివాళ్లు అడగాలి. జీన్, వైరస్, డేటా లాంటివి జనం నోట్లో ఉన్న మాటలే, వాటికి సంస్కృత పదాలు వెతకొద్దని ముందే చెప్పండి. ఇంకా తేలని సంగతిని ‘ఇది ఇంకా తేలలేదు’ అని అందరి ముందు చెప్పమనండి. రైతులు ఆ మాటను చాలా గౌరవిస్తారు, సీజన్ ఎలా ఉంటుందో తేలకుండానే వాళ్లు ఏటా విత్తనం వేస్తారు. మాట్లాడినవాళ్లతో తర్వాత రెండు పేజీలు తెలుగులో రాయించి గ్రంథాలయంలో ఉంచండి.

పత్తి ఏరే రోజులు తప్పించి తేదీ పెట్టుకుని నాకు రాయండి. ఆదివారమైతే నేనూ వస్తాను, ఆ గాజు గొట్టం ఇంకా నా దగ్గరే ఉంది.