మిర్చి అమ్మాలా, ఆపాలా: నాన్నతో కూర్చునే ముందు

చిరంజీవి శ్రీనుకి, గుంటూరు నుంచి మావయ్య ఆశీస్సులు.

కాయ ఇప్పుడే మిర్చి యార్డుకు తోలాలని నువ్వూ, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలని మీ నాన్నా పట్టుబట్టి కూర్చున్నారని అక్క చెప్పింది. ఎవరి అభిప్రాయమూ తీసిపారేసేది కాదు. కాకపోతే ఏ మాట బరువెంతో తూచకుండానే గొంతులు పెంచుతున్నారు.

ఒక కాగితం తీసి మధ్యలో గీత గియ్యి. ఎడమ పక్క లెక్క తేలేవి: ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), ఏ రకం, తాలు (రంగు పోయిన కాయ) ఎంత, ఇవాళ్టి రేటు, స్టోరేజీ అద్దె, అప్పు, వడ్డీ. వీటి మీద వాదన వద్దు. తేడా వస్తే చీటీ తియ్యండి, లేదా కమీషన్ కొట్టుకు ఫోన్ చెయ్యండి. 100 టిక్కీలు, ఒక్కోటి 40 కిలోలనుకుంటే 40 క్వింటాళ్లు. 4 లక్షల అప్పు మీద నూటికి రెండు రూపాయల వడ్డీ అయితే నెలకు 8 వేలు, ఆరు నెలలకు 48 వేలు. అంటే క్వింటాకు 1,200 పెరిగితే వడ్డీకే సరి, అద్దె ఆపైన. ఈ లెక్క మీ నాన్న చేతే వేయించు. నువ్వు వేసి చూపిస్తే తప్పు పట్టినట్టు ఉంటుంది.

కుడి పక్క ఎవరి అభిప్రాయం వాళ్ల పేరుతో రాయండి. 'అందరూ అంటున్నారు' అన్నది రాయొద్దు, దానికి జవాబుదారీ ఎవరూ ఉండరు. ప్రతి అభిప్రాయం కింద రెండు ముక్కలు ఉండాలి: అది దేన్నిబట్టి అంటున్నారు, ఏం తెలిస్తే మార్చుకుంటారు.

ఇక్కడే జాగ్రత్తగా చూడు. మీ నాన్న కాయను చెవి దగ్గర ఊపి, గింజల చప్పుడు విని, వేళ్ల మధ్య వంచి 'ఇంకా నిమ్ముంది' అన్నాడంటే అది ఏళ్లుగా చెయ్యి నేర్చుకున్న మాట. నీకు నచ్చకపోయినా తల వంచు. నిమ్ము కాయ బస్తాకెత్తితే బూజు పడుతుంది. అదే మనిషి 'శ్రావణానికి రేటు లేస్తుంది' అంటే ఆ మాటకు అంత బరువు లేదు. రాబోయే రేటును ఎవరి చెయ్యీ తాకి చూడలేదు. 'పడిపోతుంది' అనే నీ మాటా అంతే.

ఆయన చెప్పింది ముందు నీ నోటితో తిరిగి చెప్పు. 'అదేరా నేననేది' అన్నాకే నీ మాట ఎత్తు. 'నా అభిప్రాయం నాది' అని లేచిపోకు. ఊరికే ఆయన మాట కొట్టేస్తూ కూర్చోకు కూడా. నిజం తేల్చుకోడానికైతే వాదం, గెలవడానికైతే జల్పం, తనదంటూ ఏ మాటా నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టడానికే అయితే వితండం అని మన పాత తర్కశాస్త్రం, న్యాయదర్శనం, ఊరికే విడదీయలేదు.

తేలకపోతే అప్పు తీరేంత సరుకు అమ్మి, మిగతాది పెట్టండి. మళ్లీ ఏ తేదీన కూర్చుంటారో క్యాలెండర్ మీద రాయండి.

యార్డు నుంచి ఆయన ఎండలో వచ్చీరాగానే మొదలుపెట్టకు, రాత్రి భోజనాలయ్యాక కూర్చోండి. అక్కను కూడా కూర్చోబెట్టు, అప్పు చీటీలన్నీ తన దగ్గరే ఉంటాయి.

మీ మావయ్య