పాత షేరు ధరలతో లెక్క వేసే ముందు

అమ్మా శ్రావణీ,

మా అన్నయ్య షేర్లు నీ డీమ్యాట్ ఖాతాలోకి మారాయని, ఇరవై ఏళ్ల ధరలు దించుకుని ఏది ఉంచాలో ఏది అమ్మాలో చూస్తున్నానని రాశావు. ఇన్ఫోసిస్ 2014 డిసెంబర్ 2న ఒక్కరోజులో సగానికి పడిపోయినట్టు కనబడి కంగారుపడ్డావట. ఆ రోజు ఎవరికీ నష్టం రాలేదు. కంపెనీ ఒకటికి ఒకటి బోనస్, అంటే ఉన్న ప్రతి షేరుకూ ఇంకొకటి ఉచితంగా, ఇచ్చింది. 4,300 పైన ఉన్న షేరు రెండు షేర్లయింది, ఒక్కోటి దాదాపు సగం ధరకు వచ్చింది. నువ్వు దించుకున్నది సవరించని ధర, అంటే బోనస్‌కు తగ్గట్టు పాత అంకెలు మార్చనిది, అంతే. కాలమ్‌లో ఉన్నది ఏ ధరో తెలుసుకోకుండా లెక్క మొదలుపెట్టడం వల్లే చాలామంది దారి తప్పుతారు. అందుకే ఈ సంగతి వివరంగా రాస్తున్నాను.

మూలంగా నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ (ఎన్‌ఎస్‌ఈ) రోజూ ఇచ్చే ధరల ఫైలు, భావ్‌కాపీ, పెట్టుకో. ఆ రోజు ట్రేడైన ప్రతి షేరు ప్రారంభ, గరిష్ఠ, కనిష్ఠ, ముగింపు ధరలూ, చేతులు మారిన షేర్ల సంఖ్యా, షేరు గుర్తింపు సంఖ్య అయిన ఐసిన్ నంబరూ అందులో ఉంటాయి. అవి ఆ రోజు మార్కెట్లో పలికిన అసలు ధరలు. ముగింపు ధర అంటే చివరి ట్రేడు ధర కాదు, మూడు నుంచి మూడున్నర దాకా జరిగిన ట్రేడుల సగటు. చివరి ట్రేడు ధర వేరే కాలమ్‌లో ఉంటుంది, రెండూ కలిపేయకు. ఒకే కంపెనీ పేరు మీద బాండ్ల వరసలు కూడా వస్తాయి కాబట్టి సిరీస్ కాలమ్‌లో షేర్లకు వాడే ఈక్యూ, బీఈ ఉన్నవే ఉంచుకో. 2024 జులైలో ఈ ఫైలు రూపం మారింది. కాలమ్ పేర్లు పాతవాటితో కలవవు.

యాహూ ఫైనాన్స్‌లో దొరికే ముగింపు ధర బోనస్‌లకూ స్ప్లిట్‌లకూ (ఒక షేరును తక్కువ ముఖవిలువ ఉన్న షేర్లుగా విడగొట్టడం) సవరించి ఉంటుంది. పక్కన డివిడెండ్లకు కూడా సవరించిన కాలమ్ ఇంకొకటి ఉంటుంది. ఇవి సరిచూసుకోవడానికి పనికొస్తాయి. మూలం మాత్రం అసలు ధరే కావాలి, ఎందుకంటే అసలు ధర ఉంటే సవరించిన ధర నువ్వే తయారు చేసుకోగలవు. సవరించిన ధర ఒక్కటే ఉంటే వెనక్కి వెళ్లడం కష్టం.

ఇక సవరణ. ఒక్కో కంపెనీకి ఒక చిన్న పట్టిక రాసుకో: ఎక్స్ తేదీ (ఆ రోజు నుంచి కొన్నవాళ్లకు ఆ బోనసో డివిడెండో రాదు), ఏం జరిగింది, గుణకం. ఒకటికి ఒకటి బోనస్ అయితే గుణకం 0.5. రెండు షేర్లకు ఒకటి అయితే పాతవి రెండు, మొత్తం మూడు, గుణకం 2/3. ముఖవిలువ 5 నుంచి 1కి విడగొడితే 0.2. డాక్టర్ రెడ్డీస్ 2024 అక్టోబర్ 28న చేసింది ఇదే. ఎక్స్ తేదీకి ముందున్న ప్రతి రోజు ధరనీ గుణకంతో గుణించు, షేర్ల సంఖ్యను అదే గుణకంతో భాగించు. ఒకటి కంటే ఎక్కువసార్లు జరిగితే గుణకాలన్నీ ఒకదానితో ఒకటి గుణించాలి. ఇన్ఫోసిస్ 2014 డిసెంబర్ 2, 2015 జూన్ 15, 2018 సెప్టెంబర్ 4 తేదీల్లో మూడుసార్లు ఒకటికి ఒకటి ఇచ్చింది. అంటే 2014 నవంబర్ ధరను 0.125తో గుణించాలి. అంతకు వెనక్కి వెళితే 2006లో ఒకటికి ఒకటి, 2004లో ఒకటికి మూడు ఇచ్చారు. ఆ రెండూ వదిలేస్తే 2003 ధర ఎనిమిదింతలు ఎక్కువగా కనబడుతుంది.

ఎక్స్ తేదీకి బదులు రికార్డు తేదీ (ఎవరి దగ్గర షేర్లున్నాయో కంపెనీ చూసే రోజు) వాడితే ఏమవుతుందో చూడు. 2018 బోనస్‌కు ఎక్స్ తేదీ సెప్టెంబర్ 4, రికార్డు తేదీ 5. రికార్డు తేదీ వాడితే అప్పటికే సగమైన 4వ తేదీ ధరను ఇంకోసారి సగం చేస్తావు. ఆ రోజు యాభై శాతం పతనం, మర్నాడు వంద శాతం పెరుగుదల కనబడతాయి. నీ పట్టికలో ఇలాంటి జంట ఎక్కడ కనిపించినా తేదీ ఒకరోజు జరిగిందని అర్థం. 2023 జనవరి చివరి నుంచి సెటిల్‌మెంటు, అంటే కొన్న షేర్లు ఖాతాలో చేరడం, మొత్తం ఒక్కరోజుకు వచ్చింది కాబట్టి ఇప్పుడు రెండు తేదీలూ ఒకటే. పాతవాటికే ఈ చిక్కు. ఎక్సెల్ కూడా తేదీలతో ఇబ్బంది పెడుతుంది. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే 04-09-2018ని ఏప్రిల్ 9గా చదువుతుంది. 12వ తేదీ దాటినవి మాత్రం తేదీగా మారకుండా అక్షరాల్లా ఉండిపోతాయి. నువ్వు డల్లాస్‌లో కూర్చుని చేస్తున్నావు కాబట్టి ముందు ఇది చూసుకో.

షేరు గుర్తుల్ని (ఫైల్లో కంపెనీకి వాడే పొట్టి పేర్లు) నమ్ముకోకు, అవి మారతాయి. అమరరాజా బ్యాటరీస్ 2023లో పేరు మార్చుకున్నాక గుర్తు కూడా మారింది. ఐసిన్ కొంత మెరుగు, కానీ ముఖవిలువ విడగొట్టినప్పుడు అదీ మారుతుంది. పాతదీ కొత్తదీ రెండూ రాసిపెట్టుకుంటేనే వరస తెగదు.

డీమెర్జర్లు (కంపెనీలో ఒక భాగం వేరే కంపెనీగా విడిపోవడం) చాలా సైట్లలో సరిగా సవరించి ఉండవు. 2023 జులై 20న రిలయన్స్ నుంచి జియో ఫైనాన్షియల్ విడిపోయింది. ముందురోజు ముగింపు 2,841.85, ఆ ఉదయం ప్రత్యేక సెషన్‌లో తేలిన ధర 2,580. గుణకం 0.908 వస్తుంది. ఇది ధరల పోలికకు మాత్రమే. అమ్మినప్పుడు పన్ను లెక్కకు కొన్న ఖర్చును పంచుకోవడానికి కంపెనీ వేరే నిష్పత్తి ప్రకటించింది: రిలయన్స్‌కు 95.32 శాతం, జియో ఫైనాన్షియల్‌కు 4.68 శాతం. ఒకదాని చోట ఇంకొకటి వాడితే రెండు లెక్కలూ చెడతాయి.

డివిడెండ్లను కొందరు చిల్లరగా కొట్టిపారేస్తారు. వేదాంత విషయంలో చూడు. 2022 ఏప్రిల్ మొదట 400 పైన ఉన్న షేరు 2023 మార్చి చివరికి 275 దరికి వచ్చింది. ధర మాత్రమే చూస్తే మూడో వంతు పోయింది. ఆ ఏడాది షేరుకు 101.50 రూపాయల డివిడెండు ఇచ్చారు. అది కలిపితే నష్టం పది శాతం లోపే. డివిడెండు సవరణ గుణకం తేలిక: ఎక్స్ తేదీ ముందురోజు ముగింపు 400, డివిడెండు 20 అయితే 380/400, అంటే 0.95. సూచీతో పోల్చేటప్పుడు కూడా ఇదే న్యాయం పాటించు. డివిడెండు కలిపిన షేరును ఎన్‌ఎస్‌ఈ పెద్ద షేర్ల సూచీ అయిన మామూలు నిఫ్టీతో పోలిస్తే షేరు గొప్పగా కనబడుతుంది. డివిడెండ్లు కలిపి లెక్కించే నిఫ్టీ టీఆర్ఐతో పోల్చాలి.

ఇంకో మాట. సవరించిన ధర స్థిరంగా ఉండదు. కొత్త డివిడెండు వచ్చినప్పుడల్లా వెనకటి అంకెలన్నీ కాస్త మారతాయి. పోయిన ఏడు దించుకున్న ఫైలు కింద ఈ ఏడు వరసలు అతికిస్తే అతుకు దగ్గర లేని నష్టమో లాభమో పుడుతుంది. దించుకుంటే మొత్తం మళ్లీ దించుకోవాలి.

సవరణ అయ్యాక ఒక పరీక్ష పెట్టు. ఒక్కరోజులో 20 శాతం దాటి కదిలిన వరసలన్నీ ఏరి, ఒక్కోదానికీ కారణం వెతుకు. బోనసో స్ప్లిటో వదిలేసి ఉంటే అక్కడ దొరికిపోతుంది. అయితే ప్రతి పెద్ద పతనమూ తప్పు కాదు. సత్యం కంప్యూటర్స్ 2009 జనవరి 7న 179 నుంచి 40 దగ్గరకు పడింది. అది నిజంగా పోయిన డబ్బు. దాన్ని తప్పు అంకె అనుకుని తుడిచేయకూడదు.

సత్యం పేరు వచ్చింది కాబట్టి ఇది కూడా గుర్తుంచుకో. ఆ రోజుకు అది నిఫ్టీలో ఉంది, వారం తిరిగేలోపే తీసేశారు, 2013లో టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. ఈనాటి నిఫ్టీ జాబితా తీసుకుని 2008 నుంచి లెక్కేస్తే అందులో సత్యం ఉండదు. మునిగినవాళ్లు లేని జాబితాతో ఏ పద్ధతైనా లాభమే చూపిస్తుంది. ఏ ఏడాదికి ఆ ఏడాది జాబితాతోనే లెక్క వేయాలి. అది దొరకకపోతే ఆ లెక్క జోలికి వెళ్లకపోవడమే మేలని నా అభిప్రాయం.

నాలుగు ధరలూ ఒకటే ఉన్న రోజుల్ని కూడా పక్కన పెట్టు. చాలావరకు ఆ రోజు షేరు సర్క్యూట్‌కు, అంటే ఒక్కరోజులో ధర కదలగల హద్దుకు, తాకి ఉంటుంది. పై సర్క్యూట్‌లో అమ్మేవాళ్లు ఉండరు, కింది సర్క్యూట్‌లో కొనేవాళ్లు ఉండరు. కాగితం మీద కొన్నట్టు, అమ్మినట్టు రాసుకుంటే నిజంలో జరగని లాభం లెక్కలోకొస్తుంది.

మొదలుపెట్టే తేదీ దగ్గర జాగ్రత్త. 2020 మార్చి 23న నిఫ్టీ ముగింపు 7,610. అక్కడి నుంచి మూడేళ్లు లెక్కిస్తే ఏడాదికి 30 శాతం పైన వస్తుంది. 2008 జనవరి 8న ముగింపు 6,287, 2013 చివర 6,304. దాదాపు ఆరేళ్లకు సున్నా. రెండూ నిజాలే, ఒక్కోటీ విడిగా చూస్తే మోసం. ప్రతి నెలా మొదలుపెట్టి అయిదేళ్ల చొప్పున రాబడులు లెక్కించు. వాటిలో అన్నింటికన్నా తక్కువది, మధ్యది, ఎక్కువది పక్కపక్కన రాసుకుని అప్పుడు నిర్ణయించు.

చివరగా భారత్‌లో పన్ను. అన్నయ్య కొన్న తేదీ, ధరే నీవి అవుతాయి. ఆయన 2018 ఫిబ్రవరి 1కి ముందు కొన్నవాటికి జనవరి 31 నాటి గరిష్ఠ ధరను కొన్న ధరగా చూపుకోవచ్చు. కానీ అమ్మిన ధర దానికన్నా తక్కువైతే అమ్మిన ధర దాకానే. అసలు కొన్న ధరే ఎక్కువైతే అదే నిలుస్తుంది. ఇక్కడ సవరించిన ధర వాడితే డబ్బు పోతుంది. ఇన్ఫోసిస్ ఆ రోజు అసలు ధర 1,100 పైన. ఈనాటి సైట్లు అందులో సగం చూపిస్తాయి. 2018 సెప్టెంబర్‌లో వచ్చిన బోనస్ షేర్లకు కొన్న ఖర్చు సున్నా, ముందునుంచీ ఉన్న షేర్లకు మాత్రం పూర్తి అసలు ధర వర్తిస్తుంది. స్ప్లిట్‌కు లెక్క వేరు: డాక్టర్ రెడ్డీస్‌కు ఆ నాటి గరిష్ఠ ధరను అయిదుతో భాగించాలి. అమ్మినప్పుడు ఏవి ముందు వచ్చాయో అవే ముందు వెళ్లినట్టు లెక్క కాబట్టి బోనస్ షేర్లు ఏ తేదీన చేరాయో ఖాతా స్టేట్‌మెంటులో చూసి రాసుకో. 2018 జనవరి 31 భావ్‌కాపీ ఒక్కటి విడిగా దాచి, ఆడిటర్‌కు ఆ ఫైలే పంపు.

గుణకాల పట్టిక పూర్తయ్యాక నాకు పంపు, రిలయన్స్, ఇన్ఫోసిస్ వరసలు నేనూ ఒకసారి చూస్తాను.

ఆశీస్సులతో,
బాబాయి