టెక్ సందేహాలు: స్కెచ్‌బుక్ నుంచి అచ్చు పుస్తకం దాకా

ప్రశ్న: నీటిరంగుల బొమ్మలు స్కాన్ చేస్తే లేత రంగులు మాయమవుతున్నాయి. స్కెచ్‌బుక్ మడత దగ్గర మసకగా వస్తోంది. ఏం చేయాలి?

లేత రంగుల్ని మింగేస్తున్నది చాలావరకు స్కానర్ కాదు, దాని సాఫ్ట్‌వేర్. కాగితాన్ని తెల్లగా చూపించాలనే తాపత్రయంలో అది లేత పసుపునూ గులాబీనీ కూడా తెలుపులో కలిపేస్తుంది. స్కాన్ విండోలో 'డాక్యుమెంట్' బదులు 'ఫొటో' ఎంచుకోండి. ఆటో ఎక్స్‌పోజర్, షార్పెనింగ్, బ్యాక్‌గ్రౌండ్ రిమూవల్... ఈ టిక్కులన్నీ తీసేయండి. బొమ్మ ఉన్న సైజులోనే అచ్చవ్వాలంటే 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) చాలు, రెట్టింపు చేయాలంటే 600. అంతకు మించి పెడితే పెరిగేది ఫైలు బరువే. టిఫ్‌గా సేవ్ చేయండి. జేపెగ్‌లో దిద్ది సేవ్ చేసిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది.

తర్వాత ఎడిటర్‌లో 'లెవెల్స్' తెరిచి తెలుపు స్లైడర్‌ని మెల్లగా ఎడమకు జరపండి. ఖాళీ కాగితం విలువ (0 అంటే నలుపు, 255 అంటే పూర్తి తెలుపు) 245-250 మధ్యకు రాగానే ఆపేయండి. 255 తాకిందంటే అంచుల్లోని పల్చటి రంగు పూత (వాష్) పోయినట్టే. ఈ పని చేసేటప్పుడు తెర రంగును మార్చేసే నైట్ లైట్, ట్రూ టోన్ లాంటివి ఆఫ్‌లో ఉండాలి. లేకపోతే తెర పసుపు చూసి మీరు నీలం పెంచుతారు, అచ్చులో బొమ్మ చలికి వణికినట్టు వస్తుంది.

ఇక మడత సంగతి. పల్చటి ఫ్లాట్‌బెడ్ స్కానర్లలో ఎక్కువగా ఉండేది సీఐఎస్ అనే రకం సెన్సర్ (బొమ్మను చదివే భాగం). అద్దానికి ఆనుకున్నదే దానికి స్పష్టంగా కనిపిస్తుంది, కాగితం కొద్దిగా లేచినా మసకే. పేజీ విడదీయడానికి మనసొప్పకపోతే ఫోన్‌తో ఫొటో తీయండి. దగ్గరికి వెళ్లకుండా, కాస్త వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్ వాడితే గీతలు వంగవు. వెలుతురు రెండు పక్కల నుంచీ సమానంగా పడాలి. వెనక పేజీ బొమ్మ ఇవతలికి కనిపిస్తుంటే కింద నల్ల కాగితం పెట్టండి.

ప్రశ్న: 24 పేజీల ఏ5 పుస్తకం ఇంట్లోనే ప్రింట్ చేస్తే పేజీలు తారుమారై, వెనకవైపు తలకిందులుగా వస్తున్నాయి.

పీడీఎఫ్‌లో పేజీల్ని జంటలుగా అమర్చకండి, చదివే వరసలో ఒక్కొక్కటిగా ఉంచండి. జతపరిచే పని అక్రోబాట్ రీడర్ ప్రింట్ విండోలోని 'బుక్‌లెట్' చూసుకుంటుంది. తలకిందులు కావడానికి కారణం సాధారణంగా ప్రింటర్ సెట్టింగ్: 'ఫ్లిప్ ఆన్ షార్ట్ ఎడ్జ్' ఉండాల్సిన చోట 'లాంగ్ ఎడ్జ్' ఉంటుంది.

24 పేజీలకు ఆరు ఏ4 కాగితాలు పడతాయి. మొత్తం పేజీలు నాలుగుతో భాగించబడాలి, లేకపోతే ఖాళీ పేజీలు మిగులుతాయి. మొదటి కాగితం బయటివైపు 24, 1; లోపలివైపు 2, 23. ఒకవైపు వచ్చే రెండు అంకెలూ కలిపితే ఎప్పుడూ 25. రాకపోతే ప్రింట్ ఆపేయండి. రెండు పేజీలకూ పరుచుకునే బొమ్మను 12-13లోనే పెట్టండి. ఎదురెదురు పేజీలు ఒకే కాగితం మీద, ఒకే వైపు పడేది నడిమధ్యన మాత్రమే. మిగతా చోట్ల రెండు వేర్వేరు కాగితాల అంచులు కలవాలి, గీత తప్పుతుంది.

ప్రెస్‌కు ఇచ్చేటట్టయితే 148×210 మిల్లీమీటర్ల పేజీకి చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కోతలో పోయే అదనపు అంచు) కలిపి 154×216 చేయండి. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ వాడితే తెలుగు అక్షరాలకు 1.4 వద్దు, ఒత్తులు విడిపోతాయి; 1.6 వాడండి. పీడీఎఫ్‌ని ఇంకో ఫోన్‌లో తెరిచి 'రాష్ట్రం', 'లక్ష్మి' సరిగ్గా ఉన్నాయో లేదో చూశాకే పంపండి.

ప్రశ్న: యాప్ టైమర్ పెట్టుకున్నా నేనే తీసేస్తున్నాను. బొమ్మలు వేయడం తగ్గిపోయింది.

ఒక్క నొక్కుతో తీసేయగలిగే తాళం తాళమే కాదు. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ పాస్‌కోడ్‌ని ఇంట్లో ఇంకొకరితో పెట్టించి, 'బ్లాక్ ఎట్ ఎండ్ ఆఫ్ లిమిట్' ఆన్ చేయండి. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్‌లోని ఫోకస్ మోడ్‌కి రోజువారీ వేళలు పెట్టండి. అయితే చాలామంది చిత్రకారులు ఫోన్ తీసేది రిఫరెన్స్ ఫొటో కోసం, చిక్కుకునేది నోటిఫికేషన్లలో. వారానికి కావాల్సిన ఫొటోల్ని ఏ4 పేజీకి నాలుగు చొప్పున ముందే ప్రింట్ తీసుకుంటే ఫోన్‌ని పక్క గదిలో వదిలేయొచ్చు.

తెరను నలుపు-తెలుపుగా మార్చే గ్రేస్కేల్ మాత్రం మీకు రెండు రకాలుగా పనికొస్తుంది. తెర బోసిపోతే చూడబుద్ధి కాదు, అది ఒకటి. అదే మోడ్‌లో కెమెరా తెరిచి మీ బొమ్మ వైపు పట్టుకుంటే వెలుగునీడల తేడా ఎక్కడ సరిపోలేదో తెలిసిపోతుంది. స్క్రీన్‌షాట్ తీసి దాచుకుందామంటే కుదరదు, అది రంగుల్లోనే సేవ్ అవుతుంది.