సాల్వెంట్ ప్లాంట్‌లో ట్రాన్స్‌మిటర్: ఫ్లేమ్‌ప్రూఫ్ కొంటే చాలా?

ఫ్లేమ్‌ప్రూఫ్ ట్రాన్స్‌మిటర్ (ట్యాంక్ మట్టం లాంటివి కొలిచి పానెల్‌కు పంపే పరికరం, మంట బయటికి రానివ్వని డబ్బాలో) కొన్నాక పానెల్‌లో బారియర్ (పరికరానికి వెళ్లే కరెంటును కట్టడి చేసేది) కూడా వేయాలా అని ఒకరు అడిగారు. దానికి తర్వాత వస్తాను.

మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. బాసర దాటగానే మేమే, ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, ప్లాంట్‌లో రెండూ కలగలిపి. నేను చేసింది సోయా నూనె తీసే సాల్వెంట్ ప్లాంట్‌లో, పేరు వద్దులెండి. అక్కడ నూనెను లాగేది హెక్సేన్. దాని ఆవిరి గాలి కంటే దాదాపు మూడింతలు బరువు, పైకి పోదు, గుంతల్లోనూ కేబుల్ ట్రెంచుల్లోనూ చేరి కూర్చుంటుంది.

అక్టోబర్, సీజన్ మొదలు, గేటు బయట లారీల వరస. కాంట్రాక్టర్ మనుషులు ట్యాంక్ మీద కొత్త లెవెల్ ట్రాన్స్‌మిటర్ బిగించి నన్ను సంతకం పెట్టమన్నారు. ఎక్కి చూద్దును కదా, రెండో కేబుల్ ఎంట్రీలో ఎర్ర ప్లాస్టిక్ మూత! అది దారిలో దుమ్ము పడకుండా పెట్టి పంపేది, తీసేసి మెటల్ ప్లగ్ వేయాలి. మొదటి ఎంట్రీ మర అరంగుళం ఎన్‌పీటీ (అమెరికన్ కొలత) అయితే దానికి ఎం20 (మెట్రిక్ కొలత) గ్లాండ్, అంటే కేబుల్‌ను పట్టి ఉంచే బిగింపు, తెచ్చి, లూజు కనబడకుండా టెఫ్లాన్ టేపు చుట్టి తిప్పారు. చేత్తో కదిపితే ఊగుతోంది. నేమ్‌ప్లేట్ మీద మాత్రం ఎక్స్-డి (ఫ్లేమ్‌ప్రూఫ్), ఐఐసి (అతి సులువుగా అంటుకునే గ్యాసుల గుంపు), టి6 (పైభాగం అతి తక్కువ వేడెక్కే తరగతి) అని ఘనంగా ఉంది. హెక్సేన్‌కు అంతకంటే తేలిక తరగతులైన ఐఐఎ, టి3 చాలు.

ఫ్లేమ్‌ప్రూఫ్ అంటే లోపలికి గ్యాస్ పోదనుకుంటారు చాలామంది. పోతుంది. లోపల అంటుకున్నా డబ్బా పగలకూడదు, మర చుట్ల సందుల్లోంచి బయటికొచ్చేలోపు మంట చల్లారిపోవాలి, అందుకే మర కనీసం అయిదు చుట్లు పట్టాలి. ప్లాస్టిక్ మూత ఏం ఆపుతుంది?

ఫిట్టర్ "కాయ్ హోత్ నాహీ భావూ" (ఏమీ కాదులే అన్నా) అన్నాడు. మేనేజర్ గారైతే లారీలన్నీ నువ్వే ఖాళీ చేయిస్తావా అని అరిచారు. నేను సంతకం పెట్టలేదు. మర్నాడు రాత్రి రైల్లో సికింద్రాబాద్ నుంచి ప్లగ్గూ సరైన గ్లాండూ వచ్చాయి, రెండూ కలిపి నా జేబులో పట్టాయి. ట్రాన్స్‌మిటర్‌కు అడిగినంత కట్టే పర్చేజ్ వాళ్లు గ్లాండ్ దగ్గరకొచ్చేసరికి కూరగాయల బేరం చేస్తారు. అడిగితే నాగపూర్ పెసో (పేలుడు ప్రమాదాల భద్రత చూసే కేంద్ర సంస్థ) వాళ్ల అప్రూవల్ ఫైల్లో ఉంది కదా అంటారు. ఆ కాగితం పరికరానికి, బిగించిన చేతికి కాదు.

ఇక బారియర్. ఎక్స్-డి మాత్రమే ఉన్న ట్రాన్స్‌మిటర్‌కు బారియర్ తగిలించినంత మాత్రాన అది ఐఎస్ (గ్యాస్‌ను అంటించలేనంత తక్కువ కరెంటుతో నడిచే రకం) అయిపోదు. ఇంకా కొనకపోతే, నా మాట విని ఎక్స్-ఐఎ (ఐఎస్ రకానికి గుర్తు) రాసి ఉన్నదే తీసుకోండి. కరెంటు ఉండగానే మూత తీసి చూసుకోవచ్చు, కాకపోతే పట్టుకెళ్లే మీటర్ కూడా ఐఎస్‌దే అయి ఉండాలి. దానికి వేసే బారియర్ జీనర్ రకమైతే, అది అదనపు ఓల్టేజీని ఎర్త్‌లోకి మళ్లిస్తుంది కాబట్టి మంచి ఎర్త్ కావాలి. మీ ప్లాంట్ ఎర్త్ పిట్‌లో నీళ్లు పోసి ఎన్నాళ్లయిందో చూసి, అనుమానం ఉంటే ఆ ఎర్త్ మీద ఆధారపడని ఐసోలేటర్ రకం వేయించండి.