గొణగడం, సణగడం, నసగడం... అన్నిటికీ అర్థం ఒకటేనా?

ఒకటి కాదండీ, అస్సలు కాదు. అప్పు తీర్చమంటే ‘అదీ... అంటే... వచ్చే నెల...’ అనేవాడు నసుగుతున్నట్టు, కూరలో ఉప్పు తక్కువైందని చెయ్యి కడుక్కునేదాకా అంటూనే ఉండే మనిషి సణుగుతున్నట్టు. గొణిగేవాడు మాత్రం చెప్పాల్సింది తెలిసే పెదాల లోపల ఉంచుకుంటాడు. ఫోన్‌లో అనువాదం చేసి చూస్తే మూడింటికీ ఒకే ఇంగ్లిష్ మాట చూపించింది, ఒళ్ళు మండింది నాకు, ఎందుకంటే ఈ తేడా పట్టించుకోక మా ఇంట్లో గంటన్నర పోయింది.

నాలుగేళ్ళ క్రితం, తెనాలిలో. పొద్దున్నే నాన్న వరండాలో పేపరు ముందేసుకుని కళ్ళజోడు అడిగారు. ‘కల్లదోలు’ అని వినపడింది. ముందురోజు రాత్రి పొలం కౌలు విషయంలో అమ్మకీ ఆయనకీ మాటా మాటా అయింది, అందుకని అమ్మ వంటింట్లోంచే ‘ఆ గొణుగుడేమిటి, నోరు తెరిచి చెప్పండి’ అంది. నేనూ అలకే అనుకున్నా. కాఫీ ఇస్తే కుడివైపు పెదవి మూల నుంచి బనీను మీదికి కారింది, ఆయన తుడుచుకోలేదు. అది చూసి కూడా మాకు వెలగలేదు! పెరుగు తోడు కోసం వచ్చిన పక్కింటి పిన్నిగారు ఆయన మొహం చూడగానే ‘గొణుగుడు కాదమ్మా, మూతి వంకరపోతోంది, మాట పడిపోతోంది’ అని కేకేసింది. అప్పుడు చేశాం 108కి ఫోన్. గుంటూరులో స్కాన్ తీసి మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడింది, పక్షవాతం అన్నారు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. అందులో గంటన్నర మేం ఒక్క మాటని నమ్మి పోగొట్టుకున్నాం.

మాట ముద్దగా రావడం పూర్తిగా వేరు. మనిషి గట్టిగానే చెబుతున్నా నాలుక తిరగదు. ఎవరికైనా ఉన్నట్టుండి అలా వస్తే గొణుగుతున్నాడని వదిలెయ్యకండి, వెంటనే ఫోన్ చెయ్యండి. ఒకసారి నవ్వమనండి, రెండు చేతులూ ఎత్తమనండి, మూతి ఒక పక్కకి పోయినా ఒక చెయ్యి జారినా అసలు సందేహమే అక్కర్లేదు.

మెల్లగా మాట్లాడే పిల్లల్ని క్లాసులో నిలబెట్టి ‘ఏమిట్రా ఆ గొణుగుడు’ అనడం కూడా నాకు నచ్చదు. నత్తి ఉన్నవాళ్ళనీ అదే మాట అంటారు. వాళ్ళు దాచుకుంటున్నారా ఏమన్నా? చెప్పాలనే కదా అంత కష్టపడుతున్నారు.

నాన్నకి ఇప్పటికీ ‘ర’ సరిగ్గా పలకదు. అమ్మ కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకుని ‘ఇంకోసారి చెప్పండి’ అంటుంది.