‘డౌట్’ అని రాసే ముందు

మారతహళ్లిలో మా పక్క పీజీలో ఉండే ఒంగోలు కుర్రాడు మొన్న ఆదివారం వచ్చి, ‘అన్నా, లండన్ క్లయింటుకు మెయిల్ రాయాలంటేనే టెన్షన్. గ్రామర్ తప్పు లేకున్నా మా లీడ్ దిద్దుతూనే ఉన్నాడు’ అన్నాడు. బెంగళూరుకు కొత్తగా వచ్చే మనవాళ్లలో చాలామంది బాధ ఇదే.

నేను వచ్చిన ఏడాదే దెబ్బతిన్నాను. ఇంగ్లండ్ సప్లయర్ ఒకరు పంపిన ఇన్‌వాయిస్‌లో ఒక పద్దు అర్థంకాక ‘ఐ హ్యావ్ ఎ డౌట్ ఎబౌట్ యువర్ ఇన్‌వాయిస్’ అని రాశాను. బడిలో ‘సార్, డౌటు’ అని చెయ్యెత్తి పెరిగిన వాళ్లం కదా. వాళ్లకు డౌట్ అంటే నమ్మకం లేకపోవడం. మర్నాడే మా మేనేజరుకు ఫోను: ‘మా లెక్కలో మోసముందంటున్నారా?’ అని. ‘ఐ హ్యావ్ ఎ క్వశ్చన్’ అని ఉంటే సరిపోయేది.

రివర్ట్ కూడా అలాంటిదే. మనకది జవాబివ్వడం, వాళ్లకు మునుపటి స్థితికి వెళ్లడం. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. ‘ప్లీజ్ రివర్ట్ ఆన్ ది చేంజెస్’ అంటే చేసిన మార్పులు తీసేయమన్నారనుకుంటారు. రిప్లై అనండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మర్యాద. తెలుగులో ‘పంపండి’ అంటే చాలు, ఆ ‘అండి’లోనే గౌరవం ఉంది. ఇంగ్లీషు క్రియకు ఆ సదుపాయం లేదు. ‘సెండ్’ అంటే ఆజ్ఞ. ముందు కైండ్లీ చేర్చినా కొందరి చెవికి ఆజ్ఞలాగే ఉంటుంది. అందుకే వాళ్లు ప్రశ్నగా అడుగుతారు: ‘కుడ్ యూ సెండ్ ఇట్ బై ఫ్రైడే?’ ఇందులో మర్యాదా ఉంది, గడువూ ఉంది. ‘డూ ది నీడ్‌ఫుల్’ (అవసరమైంది చేయండి) మీద నా అభ్యంతరం అది పాతకాలపు మాటని కాదు, ఎదుటివాళ్లు ఏం చేయాలో చెప్పదని. సంతకం కావాలంటే సంతకం అనే రాయండి.

ప్రీపోన్, అంటే అనుకున్న సమయం కన్నా ముందుకు జరపడం, మన దేశం దాటితే చాలామందికి తెలియదు. ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అంటే నయం. తేదీల్లో నెల పేరు అక్షరాల్లో రాయండి, 03/04 మనకు ఏప్రిల్ 3, అమెరికా వాళ్లకు మార్చి 4. లక్షలు, కోట్లు కూడా వాళ్లకు అర్థం కావు, మిలియన్లలో చెప్పాలి. బ్రిటన్‌కు ఉత్తరం రాసేటప్పుడు పేరుతో మొదలుపెడితే చివర ‘యువర్స్ సిన్సియర్లీ’, ఉత్త ‘డియర్ సర్ ఆర్ మేడమ్’ అయితే ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’.

ఇదంతా చదివి మన ఇంగ్లీషే తప్పని కుంగిపోకండి. రేపు ఇక్కడి బ్యాంకుకు అడ్రస్ మార్చమని రాయాల్సి వస్తే, ఏం మార్చాలో చెప్పాక ‘కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్’ అని నిశ్చింతగా రాయండి. కౌంటర్లో ఉన్న మనిషికి అది రోజూ చూసే మాటే.