85 పర్సంటైల్‌తో అడ్వాన్స్‌డ్ రాయొచ్చా? – సమాధానం
జేఈఈ మెయిన్‌లో 85 పర్సంటైల్ వచ్చింది, ఐఐటీల ప్రవేశ పరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయొచ్చా అని అడిగారు. మీరు ఓబీసీ-ఎన్‌సీఎల్ (క్రీమీలేయర్, అంటే సంపన్న శ్రేణి, కిందికి రాని ఓబీసీ) అన్నారు కాబట్టి ఆశ ఉందండి. జేఈఈ మెయిన్ 2025లో అడ్వాన్స్‌డ్ అర్హతకి కటాఫ్ పర్సంటైల్ ఓబీసీ-ఎన్‌సీఎల్‌కి 79.43, జనరల్‌కి 93.10. అయితే 85 పర్సంటైల్ అంటే 85 శాతం మార్కులు కాదు. మీ షిఫ్టులో 85 శాతం మందికి మీతో సమానంగానో తక్కువగానో వచ్చాయని. రెండో సెషన్ కూడా రాయండి, రెండింట్లో మెరుగైనదే లెక్కలోకొస్తుంది.

చాలామంది దెబ్బతినేది సర్టిఫికెట్ దగ్గర. రాష్ట్ర బీసీ పత్రం ఇక్కడ పనికిరాదు. మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండాలి, పత్రం కేంద్ర ఫార్మాట్‌లో, ఆ ఏడాది ఏప్రిల్ 1న గానీ తర్వాత గానీ ఇచ్చినదై ఉండాలి. లేకపోతే జనరల్ కిందే చూస్తారు, అప్పుడు 85 చాలదు.

ఎన్ఐటీ (జాతీయ సాంకేతిక విద్యాసంస్థ) సీటుకి ఈ కటాఫ్‌తో పని లేదు, అక్కడ మాట్లాడేది మెయిన్ ర్యాంకే.